దోమలో కొత్త వైరస్: సీక్వెన్స్ దొరికాకే అసలు పని

కొత్త వైరస్ అనగానే అందరూ ముందు అడిగేది "మనుషులకు వస్తుందా?" అనే. నేను వెతికేవి పురుగుల ఒంట్లో తప్ప పెరగనివి. వీటిలో కొన్ని డెంగీ, మెదడువాపు వైరస్‌లకు దగ్గరి చుట్టాలే, అయినా మన కణాల్లో వాటి ఆటలు సాగవు.

పశ్చిమ గోదావరిలో వరిచేల పక్కన పశువుల పాకల్లో, పొద్దుగూకాక టార్చి, పీల్చే గొట్టం పట్టుకుని క్యూలెక్స్ దోమలు పట్టేవాళ్లం. "దోమలు బస్తాల్లెక్కన ఉన్నాయి, పట్టుకెళ్లండమ్మా" అన్నారొక రైతుగారు, అని ఊరుకోకుండా గేదెల్ని పక్కకి తోలి మరీ చోటిచ్చారు. ల్యాబ్‌లో వాటిని ఐసు మీద పెట్టి, మైక్రోస్కోప్ కింద ముక్కు మధ్య లేత పట్టీ చూసి జాతి తేల్చాలి. పొట్ట ఎర్రగా ఉన్నవాటిని పక్కన పెట్టేశాం, లేకపోతే గేదె రక్తంలో ఉన్నది కూడా దోమ ఖాతాలో పడుతుంది.

దోమల్లోని ఆర్‌ఎన్‌ఏ అక్షరాల వరస చదివినప్పుడు (సీక్వెన్సింగ్) ఫ్లావివైరస్‌ని, అంటే డెంగీ, మెదడువాపు వైరస్‌ల కుటుంబాన్ని పోలినది, కానీ తెలిసిన వేటితోనూ సరిపోనిది ఒకటి కనిపించింది. అక్కడే పేపర్ రాసేయడం నాకు నచ్చదు. పాత ఫ్లావివైరస్ ముక్కలు దోమల జన్యువుల్లోనే అతుక్కుపోయి ఉంటాయని 2004లోనే తేలింది. అందుకని ఈ సీక్వెన్స్‌ని వెతికిపట్టే ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో దోమ డీఎన్‌ఏ మీద పీసీఆర్ పెట్టాం. జెల్ మీద బ్యాండ్ రాలేదు, అంటే ఇది దోమ డీఎన్‌ఏలో అతుక్కున్న ముక్క కాదు, టెన్షన్ సగం తగ్గింది.

మిగతా సగం సి6/36 అనే దోమ కణాల దగ్గర, వైరస్ నిజంగా పెరుగుతుందా లేదా అన్నది అక్కడే తేలాలి. 1967లో పుణెలో శాస్త్రవేత్త సింగ్ గారు ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ లార్వాల నుంచి పెంచిన కణాలే వీటికి మూలం, ప్రపంచంలో దోమ వైరస్‌ల మీద పనిచేసే ల్యాబులు చాలావరకు ఇవే వాడతాయంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. దోమల రసాన్ని వడగట్టి వాటి మీద పోసి 28 డిగ్రీల్లో ఉంచాం. చిక్కేమిటంటే ఈ రకం వైరస్‌లు చాలాసార్లు కణాల్ని చంపవు, ఫ్లాస్కులో అంతా నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే వైరస్ పెరిగేటప్పుడు పుట్టే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని పట్టే, ఆకుపచ్చగా మెరిసే యాంటీబాడీ వేసి చూశాం: కణాల్లో ఆకుపచ్చ చుక్కలు! కొత్త ఫ్లాస్కుల్లోకి మార్చినప్పుడల్లా వైరస్ మళ్లీ పెరిగింది. కోతి కిడ్నీ నుంచి వచ్చిన వెరో కణాల్లో మాత్రం ఎన్నిసార్లు మార్చినా ఏమీ లేదు.

ఆస్ట్రేలియాలో దొరికిన పామ్ క్రీక్ వైరస్ ముందే ఉన్న దోమ కణాల్లో, మనుషులకు జబ్బు తెచ్చే వెస్ట్ నైల్ వైరస్ సరిగా పెరగలేదని 2013లో చూపించారు. మాది మెదడువాపు వైరస్‌ని అలా ఆపుతుందా అన్నది ఇప్పుడు చూడాలి. దానికి ప్రమాదకరమైన క్రిములతో పనిచేయడానికి కట్టుదిట్టంగా కట్టిన బీఎస్‌ఎల్-3 ల్యాబ్ కావాలి, అనుమతి కోసం దరఖాస్తు పెట్టాం.