వేడెక్కితే మిస్ కొట్టే రాజ్‌దూత్ 350: నా అనుభవం

నిన్న సాయంత్రానికి బండి రెండు సిలిండర్ల మీదా సమానంగా నడిచింది. వారం పట్టింది. "బోరు పోయింది, రీబోర్ చేయించాల్సిందే" (సిలిండరు లోపలి గోడ అరిగింది, తొలిపించాలి) అన్న షెడ్డు మాట వినుంటే డబ్బూ పోయేది, మిస్సూ (ఒక సిలిండర్ సరిగా మండకపోవడం) అలాగే ఉండేది.

బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350 ఆధారంగా ఎస్కార్ట్స్ ఇక్కడ తయారు చేసిన 347 సీసీ టూ స్ట్రోక్. చల్లగా ఉంటే రెండో కిక్కుకే స్టార్టవుతుంది. పదిహేను నిమిషాలు తిరిగాక మిస్ మొదలవుతుంది. ఆపి అరగంట ఆగితే మళ్లీ మామూలే.

ఏ వైపో తేల్చడం సులువు. మిస్ కొడుతుండగా ఐడిల్‌లో ఒక్కో ప్లగ్ క్యాప్ తీశాను. కుడిది తీస్తే ఇంజన్ ఆగిపోయింది, ఎడమది తీస్తే మార్పే లేదు. తీసిన క్యాప్‌లో ఇంకో ప్లగ్గు పెట్టి దాన్ని ఇంజన్ హెడ్‌కి ఆనించాలి. కరెంటుకి ఎర్త్ దారి లేకపోతే ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ లోపలే కాలిపోవచ్చు.

సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే రెండు వైపులా తేడా 5 పీఎస్ఐ లోపే. బోరు మాట అక్కడితో తేలిపోయింది. గేజ్ పెట్టకుండా రీబోర్ చెప్పే షెడ్డులో బండి వదలకండి. కార్బురేటర్ కూడా రెండుసార్లు విప్పి కడిగాను, అనవసరపు పని. చల్లగా బాగుండి వేడెక్కాకే చెడేది చాలాసార్లు కరెంటు వైపు దోషమే.

ఈ బండిలో మేలేమిటంటే ఒక్కో సిలిండరుకి పాయింట్లు (విడిపోయి స్పార్క్ పుట్టించే స్విచ్చు), కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పు రాకుండా ఆపేది), కాయిల్, కార్బురేటర్ విడివిడిగా ఉంటాయి. బాగున్న వైపే మన పరీక్ష పరికరం. వస్తువు కొనే ముందు అటుదిటు మార్చి చూడాలి, ఒకసారికి ఒకటే. ప్లగ్గులు మార్చాను, మిస్ ఎడమనే ఉంది. తర్వాత కాయిల్స్. ఇక్కడ పాయింట్ల నుంచి వచ్చే నారింజ, బూడిద రంగు వైర్లనీ, ప్లగ్ క్యాప్‌లనీ రెండింటినీ అటుదిటు చెయ్యాలి. క్రాంక్ 180 డిగ్రీలది (ఒక పిస్టన్ పైనుంటే రెండోది కింద) కనుక ఒక్కటే మారిస్తే పిస్టన్ కింద ఉన్నప్పుడు స్పార్క్ వస్తుంది, బండి స్టార్టే కాదు. రెండూ మార్చినా మిస్ ఎడమనే ఉంది. అంటే కాయిల్ కాదు.

నన్ను ఏడిపించింది కండెన్సర్. అనుమానం మొదట్నుంచీ దాని మీదే, అందుకే కొత్తది కొని వేశాను. మిస్ పోలేదు. కొత్తది వేశాం కదా అని దాన్ని లెక్కలోంచి తీసేశాను. నాలుగు రోజులు పోయింది అక్కడే. మీటరు పెడితే 0.22 మైక్రోఫారడ్, సరిగ్గా ఉండాల్సినంతే. కానీ మీటరు కొలిచేది చల్లగా ఉన్నప్పుడు, కొద్ది వోల్టుల మీద. పాయింట్లు విడిపోయే క్షణంలో కాయిల్ ప్రైమరీలో పుట్టేది 200 వోల్టులకు పైనే. ఆ ఒత్తిడికి వేడిలో లోపల లీకయ్యే కండెన్సర్‌ని మామూలు మీటరు పట్టుకోలేదు.

పట్టించింది పాయింట్లే. ఎడమ పాయింట్లలో ఒక వైపు గుంట, ఎదురు వైపు చిన్న మొటిమ. కుడివి చదునుగా, బూడిద రంగులో ఉన్నాయి. లోహం ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోతోందంటే ముందు కండెన్సర్‌నే అనుమానించాలి. రాత్రి లైటార్పి, ఎక్కడా పెట్రోలు చెమ్మ లేదని చూసుకుని, కవరు తీసి ఇంజన్ ఐడిల్‌లో పెట్టాను. కండెన్సర్‌కి హెయిర్ డ్రయర్ గాలి పట్టిస్తే రెండు నిమిషాల్లో ఎడమ పాయింట్ల మధ్య లావుపాటి నీలి నిప్పు, వెంటనే మిస్. కుడి వైపు సన్నటి చుక్కలాంటి మెరుపే.

ఇంజన్ ఆపి ఆ కండెన్సర్ వైరు ఊడదీసి, పాత బండి నుంచి తీసిన మంచి కండెన్సర్‌ని బయటే క్లిప్పులతో తగిలించాను, బాడీ ఎర్త్‌కి, వైరు ఎడమ పాయింట్ వైరుకి. మిస్ పోయింది. అంటే నేను కొని వేసిన కొత్త కండెన్సరే చెడ్డది. ఇలా చూసేటప్పుడు బండిలో ఉన్నదాని వైరు తప్పక ఊడదీయాలి, లీకయ్యేది పక్కనే ఉంటే మంచిది తగిలించినా ఫలితం ఉండదు.

పాయింట్లని ఎమరీ పేపరుతో రుద్దకండి, దాని గరుకు రేణువు ఇరుక్కుంటుంది. నేను సన్నటి పాయింట్ ఆకురాయితో సరిచేసి, శుభ్రమైన కాగితం లాగి తుడిచాను. పాయింట్లు విడినప్పుడు మధ్య గ్యాప్ 0.35 మిల్లీమీటరు. గ్యాప్ తర్వాతే టైమింగ్ (స్పార్క్ పడే సమయం), ఎందుకంటే గ్యాప్ కదిలితే టైమింగూ కదులుతుంది. ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ బిగించి పిస్టన్ పూర్తిగా పైకొచ్చే ముందు 2.0 మిల్లీమీటర్ల దగ్గర పాయింట్లు విడేలా పెట్టాను, రెండు వైపులా విడివిడిగా. కంటి అంచనాతో ఒక వైపు ముందుకి పోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

నలభై కిలోమీటర్లు తిప్పి వేడిమీదే ప్లగ్గులు తీస్తే రెండూ ఒకే కాఫీపొడి రంగు. చెడ్డ కండెన్సర్ మీద ఎర్ర గీత గీసి పెట్టాను, మళ్లీ పొరపాటున వాడకుండా.