ఫిల్టర్ అంచు మీది అంకెను ఎలా చదవాలి

కొంతకాలం కిందట ఒక నలుపు–తెలుపు రోలును డెవలప్ చేసి, ఆరిన తరువాత లైట్ బాక్స్ మీద పరచి చూస్తే, మొదటి పన్నెండు ఫ్రేములు చక్కగా ఉండి, ఆ తరువాతివన్నీ బొగ్గు పూసినట్టు కనిపించాయి. పదమూడవ ఫ్రేము దగ్గరే నేను ఎర్ర ఫిల్టర్ బిగించాను. దాని అంచు మీద 8 అని ఉన్నందువల్ల, 400 ఐఎస్‌ఓ (ఫిల్ము వెలుగుకు ఎంత చురుకో చెప్పే అంకె) ఫిల్ము పెట్టిన కెమెరా డయల్‌ను, ఎనిమిది రెట్ల వెలుగు పడేలా, 50కి తిప్పాను. కానీ ఆ కెమెరా మీటరు లెన్సు గుండా వచ్చే వెలుగునే కొలుస్తుంది కనుక, ఫిల్టర్ ఆపిన వెలుగును అది అప్పటికే లెక్క వేసుకుంది. ఒకే అప్పును రెండుసార్లు తీర్చినట్టయింది. నెగటివ్ ఫిల్ము అధిక ఎక్స్‌పోజర్‌ను (ఫిల్ము మీద పడే వెలుగు మోతాదును) బాగానే ఓర్చుకుంటుంది కాబట్టి ప్రింట్లు ఎలాగో వచ్చాయి. స్లయిడ్ ఫిల్ము అయితే ఇంత తేడాకు ఏమీ మిగిలేది కాదు.

అంచు మీది ఆ అంకె స్టాపుల సంఖ్య (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం) కాదు, ఎక్స్‌పోజర్‌ను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం. 2 అంటే ఒక స్టాపు, 4 అంటే రెండు, 8 అంటే మూడు. పసుపు ఫిల్టర్‌కు సాధారణంగా 2, రాటెన్ 25 అనే ఎర్ర ఫిల్టర్‌కు 8 ఉంటాయి. రెండు ఫిల్టర్లను ఒకదాని మీద ఒకటి బిగిస్తే గుణకాలను గుణించాలి, స్టాపులను అయితే కూడాలి. రంగు మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లతో మరొక తికమక ఉంది: కొన్నిటి మీద గుణకం రాస్తారు, కొన్నిటి మీద సాంద్రత (వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే మరో కొలత) రాస్తారు. అందువల్ల 8 అని ఉన్నదీ, 0.9 అని ఉన్నదీ ఒకే మూడు స్టాపుల ఫిల్టర్లు.

చేతి మీటరు (కెమెరాతో సంబంధం లేకుండా, ఫిల్టర్ లేకుండానే వెలుగును కొలిచే పరికరం) వాడేవారికి ఈ గుణకమే ఆధారం. అయితే అది ఏ వెలుగుకు చెప్పిన అంకె అన్నది చాలామంది పట్టించుకోరు. రాటెన్ 25కు 8 అన్నది పగటి వెలుగుకు చెప్పిన మాట. టంగ్‌స్టన్ బల్బు వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి, అక్కడ అదే ఫిల్టర్‌కు 5 సరిపోతుంది. నీలి ఫిల్టర్ విషయంలో దీనికి తలకిందులుగా, బల్బు కింద గుణకం పెరుగుతుంది.

అలాగని లెన్సు గుండా కొలిచే మీటరును పూర్తిగా నమ్మి నిశ్చింతగా ఉండటానికీ వీలులేదు. పాత కెమెరాల మీటర్లలో వెలుగును పసిగట్టే కాడ్మియం సల్ఫైడ్ సెల్‌కు ఎరుపు వెలుగు ఫిల్ముకు కనిపించే దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, అందుచేత ముదురు ఎర్ర ఫిల్టర్ పెట్టినప్పుడు అది ఇవ్వవలసినదానికంటే తక్కువ ఎక్స్‌పోజర్ చూపిస్తుంది. నా కెమెరాను నేను ఇలా పరీక్షించాను. ఎండ సమంగా పడుతున్న ఒక బూడిదరంగు గోడను ఫిల్టర్ లేకుండా కొలిస్తే, సెకనులో 500వ వంతుకు ఎఫ్ 16 (లెన్సు రంధ్రం కొలత; అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) చూపింది. ఎర్ర ఫిల్టర్ బిగించి మళ్లీ కొలిస్తే ఎఫ్ 8 చూపింది. గుణకం ప్రకారం అది ఎఫ్ 5.6 చూపాలి, అంటే ఒక స్టాపు తక్కువగా చెబుతోంది. అప్పటినుంచి ఆ ఫిల్టర్ పెట్టినప్పుడు 400 ఫిల్ముకు డయల్‌ను 200 దగ్గర ఉంచుతున్నాను, 50 దగ్గర కాదు. పసుపు ఫిల్టర్‌తో ఇదే పరీక్ష చేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇంత సరిచూసుకున్నా ఎండలో నీడలు నల్లగా మూసుకుపోయే సందర్భాలు ఉంటాయి. ఆరుబయట నీడ మీద పడేది ప్రధానంగా ఆకాశపు నీలి వెలుగు, ఎర్ర ఫిల్టర్ ఆపేది సరిగ్గా దాన్నే. ఎండ పడిన చోట మూడు స్టాపులు తగ్గితే నీడలో అంతకు మించి తగ్గుతుంది. నీడలోని వివరం కావాలనుకుంటే నేను మరో అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు అదనంగా ఇస్తాను. నిజం చెప్పాలంటే, మబ్బులు ప్రస్ఫుటంగా కనబడేందుకు ఎర్రది వాడే సందర్భాల్లో సగానికి నారింజ రంగు ఫిల్టరే చాలు.

ఆకాశాన్ని నల్లబరచేందుకు తిప్పి వాడే పోలరైజర్ ఫిల్టర్ సుమారు ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తీసుకుంటుంది. దాన్ని ఎంత తిప్పినా ఆ మేరకు ఎక్స్‌పోజర్ పెంచితే సరిపోతుంది. ఆకాశం నల్లబడింది కదా అని ఇంకా పెంచితే, నల్లబరచిన ఫలితాన్నే మళ్లీ చెరిపేసుకున్నట్టు అవుతుంది.

ఇక ఎక్స్‌పోజర్ సెకన్లలోకి వెళ్లినప్పుడు రెండు దిద్దుబాట్లు అవసరం, వాటి వరుస మారకూడదు. ఫిల్టర్ లేకుండా ఒక సెకను వచ్చిందనుకుందాం. 10 గుణకం ఉన్న ఎన్‌డీ బిగిస్తే 10 సెకన్లు అవుతుంది. కోడాక్ ట్రై–ఎక్స్ ఫిల్ముకు తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం, లెక్కకు 10 సెకన్లు వచ్చినప్పుడు నిజంగా ఇవ్వవలసినది 50 సెకన్లు, ఎందుకంటే మసక వెలుగులో ఫిల్ము స్పందన మందగిస్తుంది. ముందు ఫిల్టర్ లెక్క వేసి, వచ్చిన సమయానికే ఈ రెండో దిద్దుబాటు చేయాలి. ఈ మందగింపు ఫిల్మును బట్టి చాలా మారుతుంది కాబట్టి, ఒకదాని పట్టికను మరొకదానికి వాడకూడదు. నా ఎర్ర ఫిల్టర్ డబ్బా మూత లోపల ఇప్పుడు ఒక చిన్న కాగితం అంటించి ఉంది: “చేతి మీటరు – మూడు స్టాపులు, ఈ కెమెరా మీటరు – ఒకటే, బల్బు కింద మళ్లీ కొలువు.”