తల ఊపాను

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది, ఈయనది నైట్ షిఫ్టు. మోటారు మళ్లీ పాడైంది కానీ దాని గురించి ఈసారి రాయను, చదివి చదివి మీకూ విసుగొచ్చి ఉంటుంది. చిన్నది సాయంత్రం ఎవరూ పట్టుకోకుండా సందు చివరిదాకా సైకిల్ తొక్కింది. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి అటు పోవడం లేదు.

ఇవాళ ఆఫీసులో స్టోర్స్ పోస్టుకి ఇంటర్వ్యూలు. హెచ్‌ఆర్ అబ్బాయి పెళ్లి సెలవులో ఉన్నాడని సార్ అకౌంట్స్ చూసుకునే నన్ను కూర్చోమన్నారు. "జీతం ఎంత అడుగుతున్నరో రాసుకోండి మేడమ్, చాలు" అన్నారు. రాసుకుంటూ కూర్చున్నాను. ఐదో అబ్బాయిది కల్వకుర్తి వైపు. ముప్పై ఉండవు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు ముందు ఎలా పంపిస్తావు, బ్యాచ్ నంబరు తేడా వస్తే ఏం చేస్తావు, అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. సార్‌కి నచ్చాడనే అనుకున్నాను. అప్పుడు రెజ్యూమె రెండో పేజీ తిప్పారు. ఎర్ర పెన్ను తీసి కంపెనీల పేర్ల చుట్టూ ఒక్కొక్కటే సున్నా చుట్టడం మొదలుపెట్టారు. ఆరు సున్నాలు.

"ఏడేండ్లల్ల ఆరు కంపెనీలా? మా దగ్గర ఎన్ని రోజులుంటవు?"

"సార్, అండ్ల మూడు ఒకటే కంపెనీ సార్. కాంట్రాక్టర్ మారిండు, అంతే."

"అందరు గట్లనే చెప్తరు" అని నవ్వి సార్ నా వైపు తిరిగారు. "నిలకడ లేదు. ఏమంటరు మేడమ్?"

నేను తల ఊపాను.

ఈ టపా రాయడానికి కారణం ఆ ఊపుడే. ఆ అబ్బాయి చెప్పింది నిజమని ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. లేబర్ కాంట్రాక్టర్ బిల్లు పాస్ కావాలంటే పిఎఫ్ చలాను, పేర్ల లిస్టు జతచేయాలి. నెలనెలా వాటిని చూసేది నేనే. నేను చేరిన ఈ ఐదేళ్లలో మా గేటు లోపలే కాంట్రాక్టర్లు ముగ్గురు మారారు. పనివాళ్ల పేర్లు మాత్రం అవే. కాగితాల్లో వాళ్ల యజమాని కాంట్రాక్టరే కాబట్టి, కాంట్రాక్టర్ మారితే కంపెనీ మారినట్టే. ప్యాకింగ్‌లో ఒక అక్క ఉంది, వేపచెట్టు కింద అదే రాయి మీద కూర్చుని అదే డబ్బా తింటుంది. ఆమె పిఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే మూడు కంపెనీలు. మొదటిదాంట్లో ఏడాదిన్నర, రెండోదాంట్లో రెండేళ్లు, ఇప్పుడు మూడోది. ఆమె రాయి కూడా మార్చలేదు. గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు సర్వీసు లెక్కన ఇచ్చే సొమ్ముకి, మామూలుగా ఐదేళ్లు నిండాలి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కాగితం మీద లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఎవరు ఎవర్ని వదిలిపెట్టినట్టు? మేం నాలుగేళ్లలో ముగ్గురు ఆడిటర్లను మార్చాం, మరి మా చుట్టూ సున్నాలు ఎవరు చుట్టాలి? ఇదంతా బస్సులో, జడ్చర్ల దాటాక తట్టింది. గదిలో మాత్రం తల దానంతట అదే ఊగింది.

మెట్టుగడ్డలో దిగేసరికి సార్ మీద కోపం కొంచెం తగ్గింది. సార్ భయం ఉత్తిది కాదు, ఆ దెబ్బ తిన్నది నేనే. పోయినేడాది వచ్చిన అసిస్టెంటు గుర్తున్నాడా? నలభై రోజులు పక్కన కూర్చోబెట్టుకుని జీఎస్టీ నేర్పించాను. పద్దెనిమిదో తారీఖు పొద్దున ఫోన్ స్విచ్ఛాఫ్. ఇరవైకి త్రీబీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను, వేయాలి. రెండు రాత్రులు చిన్నదాన్ని పక్కింట్లో పడుకోబెట్టి నేనే చేశాను. అప్పుడు వాణ్ని ఎన్ని తిట్టానో ఇక్కడే ఉంది, కిందకి పోతే దొరుకుతుంది. ఈ అబ్బాయి మిగతా మూడు ఉద్యోగాల్లో ఒకటి పదిహేను వందలు ఎక్కువిస్తారని నాలుగు నెలలకే మానేశాడట. తనే చెప్పాడు. నేర్పించినవాళ్లు అక్కడ ఎవరో ఒకరు తిట్టుకునే ఉంటారు. పదిహేను వందలకి మారిపోతారా అని నాకూ అనిపించింది. కానీ అదే పదిహేను వందలు ఇంక్రిమెంటు అడిగితే సార్ ఏమంటారో నాకు బాగా తెలుసు, రెండుసార్లు అడిగాను కాబట్టి.

నాలుగు నెలలు అనగానే లోపల ఇంకోటి కదిలింది. ఇన్నేళ్లుగా మీకు చెప్పనిది.

2013. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. మొదటి రెండు నెలలు జీతమిచ్చారు, తర్వాతి రెండు నెలలు ఇవ్వలేదు. మానేశాను. తర్వాతి ఇంటర్వ్యూకి ఆ కంపెనీ పేరు రెజ్యూమెలోంచి తీసేశాను. ఆ నాలుగు నెలలు ఏం చేశావమ్మా అని అడిగితే, అమ్మకి ఆపరేషన్ అయింది, దగ్గరుండి చూసుకున్నాను అన్నాను. అమ్మ ఆ పూట పల్లి చేన్లో కలుపు తీస్తోంది. ఆ మేనేజరు పాపం మంచివాడు. ఉద్యోగమిచ్చాడు. అక్కడితో వదిలేస్తేనా? వారం వారం "అమ్మకి ఇప్పుడెట్లున్నది?" అని అడిగేవాడు. కుట్లు విప్పారని ఒకసారి, నీరసంగా ఉందని ఒకసారి. ఏం చెప్పానో నాకే గుర్తుండక డైరీలో రాసుకునేదాన్ని.

ఓరోజు అమ్మ చెప్పాపెట్టకుండా ఆఫీసుకే వచ్చింది, నెత్తిమీద పచ్చి పల్లీల మూటతో. ఆయన ఎదురుపడ్డాడు. "ఆపరేషన్ అయినంక గింత బరువు మొయ్యొచ్చునా అమ్మా?" అన్నాడు. అమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "ఏం జేద్దం సారూ, మొయ్యక తప్పుతదా" అంది. మూట దించి ఆయనకి ఇన్ని పల్లీలు కూడా పెట్టింది. బస్టాండు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బస్సెక్కి కిటికీలోంచి అడిగింది, "ఇంతకు నాకేం కోసిన్రే?"

ఇప్పుడు నవ్వొస్తోంది. అప్పుడు ఏడ్చాను. ఆ చలికాలం అమ్మకి జ్వరమొస్తే నా అబద్ధం తగిలిందనే అనుకున్నాను.

అప్పట్లో కంపెనీకో పిఎఫ్ నంబరు, దాచుకోవడం తేలిక. 2014లో యుఏఎన్ వచ్చాక మనిషికి ఒకటే నంబరు. పిఎఫ్ కట్టిన ఉద్యోగాలైతే ఎక్కడ చేరాం, ఎప్పుడు మానేశాం, తేదీలతో సహా కనిపిస్తాయి. ఈ అబ్బాయి దాచాలన్నా కుదరదు. దాచలేదు కూడా. అడగకముందే అన్నీ వరసగా రాసుకొచ్చాడు, నాలుగు నెలలదీ రాశాడు. నేను తల ఊపాను.

రేపు సార్‌తో చెప్పాలా? కాంట్రాక్టర్ లిస్టులు పట్టుకెళ్లి చూపించొచ్చు. "మరి ముందే ఎందుకు చెప్పలే మేడమ్?" అంటారు. పైగా రేపు పదిహేను, పిఎఫ్ ఆఖరు తేదీ, తల ఎత్తడానికి కుదరదు. రెజ్యూమె మాత్రం నా డ్రాయర్లోనే ఉంది, చెత్తబుట్టలో వేయమన్నా వేయలేదు.

ఇందాక నా పిఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూశాను. ఆ నాలుగు నెలలు అందులో లేవు. జీతమే ఎగ్గొట్టినవాళ్లు ఆ పిఎఫ్ అసలు కట్టారో లేదో. ఎన్నిసార్లు అనుకున్నా క్లెయిమ్ పెట్టలేదు. పెట్టాలంటే ఆ కంపెనీ పేరు రాయాలి.