పదవుల పేర్లు మారలేదు, అధికారం చేతులు మారింది

రోమ్‌లో గణతంత్రం పోయి చక్రవర్తి వచ్చాడని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. అది జరిగిన తీరు గుర్తొస్తే నాకిప్పటికీ భయమేస్తుంది.

గణతంత్రంలో అత్యున్నత పాలకులు ఇద్దరు కాన్సల్స్, ఏడాదే పదవి. ఒకరి నిర్ణయాన్ని మరొకరు ఆపొచ్చు. సామాన్యుల తరఫున 10 మంది ట్రిబ్యూన్లు, ఏ ఒక్కరు వీటో చేసినా పని ఆగాల్సిందే. ఆపద వస్తే నియంత, అదీ 6 నెలలకు మించకుండా.

క్రీ.పూ. 23లో తొలి చక్రవర్తి అగస్టస్ కాన్సల్ పదవి వదిలేశాడు. ట్రిబ్యూన్ కాకుండానే ట్రిబ్యూన్ అధికారాలు జీవితాంతానికి తీసుకున్నాడు. గవర్నర్లందరి కంటే పై స్థాయి సైనికాధికారం కూడా. పెద్దల సభ సెనేట్ కూర్చుంటూనే ఉంది, కాన్సల్స్ ఎన్నికవుతూనే ఉన్నారు. ఆయన్ని ఆపగలిగేవాళ్లే లేరు.

అసలు కిటుకు సైన్యంలో ఉంది, దీని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. సర్వీసు ముగిసిన సైనికుడికి భూమి ఇచ్చే శాశ్వత ఏర్పాటేదీ గణతంత్రం చెయ్యలేదు. ఇప్పించేది సేనాని, కాబట్టి విశ్వాసమూ ఆయన మీదే. గణతంత్రపు చివరి రోజుల్లో సేనానులు సుల్లా, ఆ తర్వాత సీజర్ తమ సైన్యాలతో సొంత రాజధాని మీదకే రాగలిగారంటే దానికి ఇదో ముఖ్య కారణం. అగస్టస్ క్రీ.శ. 6లో సైనికుల కోసం విడిగా ఖజానా పెట్టి, దానికి వారసత్వ ఆస్తులపై 5 శాతం పన్ను మళ్లించాడు. సెనేట్ ఈ పని వందేళ్ల ముందే చేసి ఉండాల్సింది!

క్రీ.శ. 14లో, అగస్టస్ తర్వాత వచ్చిన టిబేరియస్ హయాంలో, మేజిస్ట్రేట్ల (ఎన్నికయ్యే ప్రభుత్వాధికారుల) ఎంపిక ప్రజాసభ నుంచి సెనేట్‌కి వెళ్లిపోయింది. జనం కాసేపు గొణిగి ఊరుకున్నారు.