కింది ఫ్లాట్‌లో ఇద్దరు ఎల్డర్లు

టెక్సస్‌లో మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో సోమవారం పొద్దున లాండ్రీ రూమ్ ఖాళీగా ఉంటుంది. అందరూ శని, ఆదివారాల్లోనే ఉతుక్కుంటారు. నాకు సోమవారం వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి, టీమ్ కాల్ అయిపోగానే బట్టల బుట్ట పట్టుకుని దిగుతాను. ఆ టైములో అక్కడ కనిపించేది మా కింది ఫ్లాట్ కుర్రాళ్ళిద్దరే. నిక్కర్లు, టీషర్టులు వేసుకుని కాలేజీ పిల్లల్లా ఉంటారు. మెషిన్‌లో తిరిగేవి మాత్రం అన్నీ తెల్ల చొక్కాలే.

వాళ్ళు మోర్మన్ మిషనరీలు, అంటే ఆ చర్చి మత ప్రచారకులు. పేరు ముందు 'ఎల్డర్' అని పెట్టి పిలుచుకుంటారు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన చర్చి అది, ఇప్పుడు కేంద్రం సాల్ట్ లేక్ సిటీ. ఇలాంటి పిల్లలు ప్రపంచమంతా కలిపి 70 వేలకు పైగానే ఉన్నారట. మగపిల్లలైతే 18 నిండాక రెండేళ్ళు, ఆడపిల్లలైతే ఏడాదిన్నర. ఏ దేశానికి వెళ్ళాలో, ఏ భాషలో పనిచేయాలో చర్చే చెబుతుంది. మన క్యాంపస్ సెలక్షన్లలో లొకేషన్ ప్రిఫరెన్స్ అయినా అడుగుతారు, వీళ్ళకి అదీ లేదు. కింది ఫ్లాట్ వాళ్ళలో ఒకడిది అమెరికాలోనే ఐడహో రాష్ట్రం, ఇంకొకడిది పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవులు. ఇద్దరికీ పడింది టెక్సస్, అదీ స్పానిష్‌లో. కొన్ని వారాల ట్రైనింగ్‌లో నేర్చుకున్న స్పానిష్‌తోనే ఆ ఐడహో అబ్బాయి మా గడ్డి కోసే మెక్సికన్ తాతతో జోకులేస్తుంటాడు. పదేళ్ళకు పైగా ఇక్కడుండి నాకొచ్చింది 'గ్రాసియాస్' ఒక్కటే.

సోమవారం వాళ్ళకి సెలవు. సెలవంటే మళ్ళీ పూర్తి సెలవు కాదు, సాయంత్రం ఆరు దాకానే. ఈలోగా బట్టలు ఉతుక్కోవాలి, వాల్‌మార్ట్‌లో వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోవాలి, చర్చి హాల్లో కాసేపు బాస్కెట్‌బాల్ ఆడుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి. వారం వారం ఇంటికి ఫోను కూడా 2019 ఫిబ్రవరి నుంచే. అంతకుముందు ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. వేసవిలో ఇక్కడ సోమవారం మధ్యాహ్నం పన్నెండు అయితే టోంగాలో మంగళవారం పొద్దున ఆరు. డ్రయర్ మీద ఫోన్ ఆనించి ఆ అబ్బాయి వీడియో కాల్ మాట్లాడుతుంటే, వాళ్ళమ్మ వెనకాల కోడి కూయడం లాండ్రీ రూమంతా వినిపించేది. నేను కొత్తగా వచ్చినప్పుడు కాలింగ్ కార్డులో నిమిషాలు చూసుకుంటూ మాట్లాడేవాణ్ణి. అదే పెద్ద కష్టమనుకున్నాను.

మంగళవారం నుంచి వేరే మనుషులు. ఆరున్నరకల్లా లేవాలి. వ్యాయామం, స్నానం, గ్రంథ పఠనం అయ్యాక తెల్ల చొక్కా, టై, జేబు దగ్గర నల్ల బ్యాడ్జి, నెత్తిన హెల్మెట్‌తో సైకిళ్ళు ఎక్కేస్తారు. తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. పదిన్నరకి లైట్లు ఆర్పేయాలి. జులైలో ఇక్కడ 100 ఫారెన్‌హీట్ దాటుతుంది. మేం పార్కింగ్ నుంచి తలుపు దాకా నడవడానికే తిట్టుకుంటాం.

ఆ ఎండలో వాళ్ళకి ఎక్కువగా దొరికేది 'వద్దు' అనే మాటే. డోర్‌బెల్ కెమెరాలు వచ్చాక చాలామంది తలుపు కూడా తీయరు, గోడలోంచే 'నో థాంక్స్' వినిపిస్తుంది. మనవాళ్ళు ఆ మాట కూడా అనరు. టీవీ సౌండ్ తగ్గించేసి ఇంట్లో లేనట్టు కూర్చుంటారు.

తెనాలి నుంచి అమ్మ వచ్చిన కొత్తలో వాళ్ళని కిటికీలోంచి చూసి, "ఏరా, వీళ్ళు మెడికల్ రెప్పులా?" అంది. సంగతి చెప్పాను. "మరి జీతమెంత?" జీతం లేదు, ఎదురు వీళ్ళే కట్టాలి అన్నాను. అమెరికా పిల్లలైతే నెలకి 400 డాలర్లు ఉండేది, 2020లో 500 చేశారు. టోంగా లాంటి దేశాల వాళ్ళకి తక్కువ. చాలామంది చిన్నప్పటి నుంచీ దీనికోసం దాచుకుంటారట. "డబ్బులు కట్టి మరీ జనం చేత మొహం మీద తలుపులు వేయించుకుంటున్నారా! వాళ్ళమ్మలు ఎట్లా పంపారురా," అని అమ్మ ఆ రోజంతా అదే మాట.

మర్నాడు మెట్ల దగ్గర వాళ్ళని ఆపి టీ ఇవ్వబోయింది. టీ, కాఫీలు వాళ్ళకి నిషిద్ధం. 1833 నాటి నియమం, సారా, పొగాకు కూడా అందులోవే. సరేనని అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ కలిపింది. టోంగా అబ్బాయి రెండు గ్లాసులు తాగాడు. ఐడహో అబ్బాయి మర్యాదకి ఒక గ్లాసు ఎలాగో పూర్తి చేశాడు. ఎంత పిలిచినా లోపలికి మాత్రం రాలేదు. ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కరే ఉంటే గడప దాటకూడదని రూలు. "నా మనవడి వయసు, నాకేం భయంరా," అని అమ్మ నొచ్చుకుంది. తర్వాత నేనున్నప్పుడు వచ్చి, మా కొత్త సోఫాని రెండో అంతస్తుకి మోసిపెట్టారు.

మత ప్రస్తావన రాలేదని కాదు. వాళ్ళ గ్రంథం తెలుగులో కూడా ఉంది. హైదరాబాద్, రాజమండ్రి, విశాఖల్లో వాళ్ళ సంఘాలున్నాయి. ఫోన్‌లో తెలుగు పేజీ తెరిచి చూపిస్తే అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక పేరా పైకి చదివి ఇచ్చేసింది. మేం మారేవాళ్ళం కాదని నేను సూటిగానే చెప్పాను. నాకు ఈ మత ప్రచారం నచ్చదు, ఇప్పటికీ అంతే. జీవితం అంటే ఏమిటో 19 ఏళ్ళవాడు నాకు చెప్పడం ఏమిటని ఒళ్ళు మండుతుంది. కానీ వాడు పడే పాట్లు చూస్తే ఆ మంట ఎక్కువసేపు నిలవదు.

నన్నడిగితే ఎండకన్నా కష్టమైనది జోడీ రూలు. బాత్‌రూమ్‌లో తప్ప ఎప్పుడూ ఇద్దరూ ఒకరికొకరు కనిపించే దూరంలోనే ఉండాలి. జోడీ ఎవరో వాళ్ళు ఎంచుకునేది కాదు. టోంగా అబ్బాయి పొద్దున్నే గొంతెత్తి కీర్తనలు పాడతాడు. బాగానే పాడతాడు, మా ఫ్లోర్ దాకా వస్తుంది. "రోజూ వింటే తెలుస్తుంది," అని ఐడహో అబ్బాయి చొక్కాలు మడతపెడుతూ మెల్లగా గొణిగాడు. కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో రెండు బెడ్‌రూమ్‌లలో ఆరుగురం ఉన్న రోజుల్లో, రూమ్మేట్ మీద కోపమొస్తే నేను పార్కింగ్ లాట్‌లోకి పోయి గంటసేపు తిరిగేవాణ్ణి. వీళ్ళకి అలగడానికి కూడా ఇద్దరూ కలిసే వెళ్ళాలి.

ఆదివారం చర్చి రెండు గంటలు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తు, ఆ తిండి డబ్బులు బీదవాళ్ళకి. ఆ సంగతి విన్నాక అమ్మకి వాళ్ళ మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

ఆరు వారాలకోసారి బదిలీలు ఉంటాయి. మొన్నటి విడతలో టోంగా అబ్బాయిని ఫోర్ట్‌వర్త్ వైపు వేశారు, వాడి స్థానంలో అరిజోనా నుంచి ఒకడు వచ్చాడు. ఐడహో అబ్బాయికి ఇంక రెండు నెలలే మిగిలింది. ఇంటికెళ్ళి కంప్యూటర్ సైన్స్ చదవనా, ఏఐ వచ్చాక ఉద్యోగాలుంటాయా అని వాడికి టెన్షన్. మా కంపెనీలో లేఆఫ్‌ల మాట నడుస్తోంది, ఉద్యోగం పోతే హెచ్1బీ మీద 60 రోజులే గడువని నాకు టెన్షన్. అదే చెప్పాను. కాసేపు ఆలోచించి, మీ గ్రీన్ కార్డు కోసం ప్రార్థన చేయొచ్చా అని చాలా సీరియస్‌గా అడిగాడు. నిరభ్యంతరంగా చేసుకోమన్నాను. గ్రీన్ కార్డు కోసం ఇండియా వాళ్ళం నిలబడే ఈబీ-2 క్యూకి రెండేళ్ళ మిషన్ సరిపోదని, మనవళ్ళ దాకా కొనసాగించాల్సి వస్తుందని కూడా ముందే చెప్పేశాను.