ఇరవై తులాల రొట్టె, పదిహేడు తులాల పొలం

బైబిల్లో ప్రవక్త యెహెజ్కేలు గ్రంథం 7:19 బాగా నలిగిన వచనం. వెండిని వీధుల్లో పారేస్తారు, బంగారం రోతైపోతుంది, ఉగ్రత దినాన అవి తప్పించలేవు. ఉపవాస కూడికల్లో దీన్ని ఎత్తుకున్నారంటే ప్రసంగం కానుకల పెట్టె దగ్గరికో, పక్కింటివాళ్ల దేవుళ్ల మీదికో మళ్లుతుంది. రెండూ దారి తప్పడమే. ప్రవక్త కోపం సొంతవాళ్ల మీద. తమ నగలు చూసుకొని మురిసి, ఆ బంగారంతోనే బొమ్మలు చేసుకున్నారంటుంది 20వ వచనం. 8వ అధ్యాయంలో బొమ్మల ముందు ధూపార్తులు పట్టుకొని నిలబడ్డ 70 మంది పెద్దలు ఉన్నది యెరూషలేము ఆలయంలోనే.

ఇంతకీ వెండిని వీధిలో పారేయడం ఎందుకు? అది తెలియాలంటే ముందు 4వ అధ్యాయం చదవాలి. యెరూషలేముకు రాబోయే ముట్టడిని తన ఒంటి మీదే చూపించమని ప్రవక్తకు ఆజ్ఞ. తిండి రోజుకు 20 తులాల ఎత్తు, నీళ్లు హిన్ అనే కొలతలో ఆరో వంతు. బైబిల్లో తులమంటే షెకెలు, సుమారు 11.4 గ్రాములు. హన్మకొండ బంగారం షాపుల్లో చెప్పే 10 గ్రాముల తులం కాదు, మన తాతల నాటి తులానికి దగ్గర. లెక్కేస్తే 230 గ్రాముల రొట్టె, ముప్పావు లీటరు కూడా రాని నీళ్లు. మన తెలంగాణ రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. దాని పక్కన కూర ఉంటుంది, పప్పు ఉంటుంది. అక్కడ గోధుమలు, యవలు, పప్పులు, చిరుధాన్యాలు ఒకే పాత్రలో కలిపిన పిండి తప్ప మరేం లేదు. ఏ ఒక్క గింజా సరిపడా దొరకని ఊరి రొట్టె అది. కూడికలో వచనం చదివే ముందు కాంటా పెట్టి 230 గ్రాముల పిండి తూచి చూపించండి. తర్వాత పెద్దగా వివరించాల్సిన పని ఉండదు.

ముట్టడి నిజంగానే వచ్చింది. 2 రాజులు 25 ప్రకారం ఏడాదిన్నర సాగి, క్రీ.పూ. 586 ప్రాంతంలో ఊరు కూలింది. చెరసాల ప్రాంగణంలో ఉన్న మరో ప్రవక్త యిర్మీయాకు రొట్టెలు కాల్చేవాళ్ల వీధి నుంచి రోజుకో రొట్టె ఇచ్చేవాళ్లు, ఊళ్లో రొట్టెలు అయిపోయేదాకా. ఆ వీధికి వెండి మూట పట్టుకొని పోతే ఏం లాభం, దుకాణంలో పిండే లేదు. అది వాళ్ల కడుపు నింపదని 7:19లోనే ఉంది.

అట్లని వెండే పాపమనుకుంటే యిర్మీయా 32 అడ్డొస్తుంది. అదే ముట్టడిలో, ఖైదులో ఉండి, పినతండ్రి కొడుకు హనమేలు దగ్గర అనాతోతు పొలం కొన్నాడు యిర్మీయా. ధర 17 తులాల వెండి, ఇప్పటి లెక్కలో 200 గ్రాముల లోపే. ఊరి చుట్టూ బబులోను సైన్యం. రేపు ధర పెరుగుతుందని నాలుగు గుంటలు కొనిపెట్టుకునే మనకు ఇది పిచ్చి బేరమే. ఆయన మాత్రం, ఈ దేశంలో ఇండ్లూ పొలాలూ మళ్లీ కొంటారన్న దేవుని మాట మీద కొన్నాడు. పనిలో ఎక్కడా తొందరపడలేదు. సాక్షుల ముందు త్రాసులో తూచి ఇచ్చాడు. కాయితాలు రెండు: ఒకటి ముద్ర వేసింది, ఒకటి విప్పి ఉన్నది. చాలా రోజులు పాడుకాకుండా ఆ రెండింటినీ మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకు చెప్పాడు.