పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్, పెదనాన్నగారి తెలుగు: పని ఎంతవరకు వచ్చింది

ముందు మెషీను సంగతి. మూడో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, 1366×768 తెర. విండోస్ 10 ఉండేది. విండోస్ 11కి ఎనిమిదో తరమో ఆ పైదో ఇంటెల్ ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కాబట్టి ఆ దారి లేదు. 10కేమో 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోతుందని ముందే చెప్పేశారు. కీబోర్డు, తెర, బాడీ శుభ్రంగా ఉన్న ల్యాప్‌టాప్‌ని పాత సామాన్ల వాడికి ఇవ్వబుద్ధి కాలేదు. అందుకే విండోస్ బదులు డెబియన్ వేశాను. ఉచితంగా వాడుకోగల లైనక్స్ ఓఎస్‌లలో (మెషీనుని నడిపే మూల సాఫ్ట్‌వేర్) అదొకటి.

దీన్ని వాడేది మా పెదనాన్నగారు. తెనాలిలో ఉంటారు, తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఆయన అడిగినవి నాలుగే: తెలుగులో వ్యాసాలు రాసుకోవాలి, ప్రింటు తీసుకోవాలి, పత్రికలకు మెయిల్ పంపాలి, యూట్యూబులో అవధానాలు చూడాలి. మొదటిది సరిగ్గా కుదిరితే మిగతావి కుదిరినట్టేనని నాకు అనిపించింది. లైనక్స్‌లో తెలుగు అనగానే అందరూ మెనూలు తెలుగులో వస్తాయా అని అడుగుతారు. నా దృష్టిలో మెనూల కంటే టైపింగు, ఫాంట్లు, ప్రింటు చాలా ముఖ్యం. అందుకే ఎక్కువ సమయం వాటికే పెట్టాను.

సంక్రాంతి సెలవులు: డిస్కు, ఇన్‌స్టలేషన్

పాత హార్డ్‌డిస్కు తీసి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ పెట్టాను. 4 జీబీ ర్యామ్ ఇంకొకటి జత చేశాను. ర్యామ్ కొనేముందు పాతదాన్ని బయటికి తీసి లేబుల్ చూసుకోండి. డీడీఆర్3లో 1.5 వోల్టులవీ ఉంటాయి, డీడీఆర్3ఎల్ అని 1.35 వోల్టులవీ ఉంటాయి. పాత డిస్కుని ఫార్మాట్ చేయలేదు. యూఎస్‌బీ కేసింగు ఒకటి కొని అందులో బిగించాను. ఫొటోలు, పాత ఫైళ్లు అన్నీ అందులో అలాగే ఉన్నాయి. ఈ పద్ధతి అందరికీ చెప్తాను: కొత్త డిస్కులో కొత్త ఓఎస్ వేస్తే పాతది చెరిగిపోతుందన్న టెన్షన్ ఉండదు.

డిస్ట్రో, అంటే లైనక్స్ రకం, విషయంలో మింట్, డెబియన్ మధ్య కాసేపు ఆలోచించి డెబియన్ 12, అంటే బుక్‌వార్మ్, తీసుకున్నాను. ఒకసారి కుదిరాక ఏళ్ల తరబడి రూపు మారకుండా ఉంటుంది. డెబ్బై దాటిన మనిషికి బటన్లు ఉన్నచోటే ఉండటం చాలా అవసరం. డెస్క్‌టాప్‌కి, అంటే తెర మీద మెనూలు, విండోలు చూపించే భాగానికి, ఎక్స్ఎఫ్‌సీఈ. బూట్ అయ్యాక ఏమీ తెరవకుండా చూస్తే ర్యామ్ వాడకం 700 ఎంబీ దగ్గర ఉంది.

ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాలరు ఉన్న ఫైలు, దించాక అది చెడకుండా వచ్చిందో లేదో ఎస్‌హెచ్ఏ512 సంఖ్యతో సరిచూసి, వెంటాయ్ అనే బూట్ ప్రోగ్రాము ఉన్న పెన్‌డ్రైవులో కాపీ చేశాను. వెంటాయ్‌తో సుఖం ఏమిటంటే ఒకే పెన్‌డ్రైవులో నాలుగైదు ఐఎస్ఓలు పెట్టుకుని, బూట్ అయ్యేటప్పుడు కావలసినది ఎంచుకోవచ్చు. పార్టిషన్లలో సిస్టమ్ ఉండే రూటుకి 60 జీబీ, మిగతాదంతా సొంత ఫైళ్లు ఉండే హోముకి. హోము విడిగా ఉంటే రేపు సిస్టమ్ మళ్లీ వేయాల్సి వచ్చినా ఆయన రాతలు కదలవు.

ఇన్‌స్టాలరే తెలుగులో నడుస్తుంది. అయితే గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటేనే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. టెక్స్ట్ ఇన్‌స్టాలరుకి మన లిపిని చూపించే శక్తి లేదు. ఇక్కడే ఒక జాగ్రత్త. పాస్‌వర్డు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతోనే పెట్టాలి. డెస్క్‌టాప్ పైకి రాక కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి నల్ల తెరలోకి వెళ్లాల్సిన రోజు వస్తే, అక్కడ తెలుగు టైపు కాదు, తెలుగు అక్షరం కనిపించదు కూడా. సిస్టమ్ అసలు కీబోర్డుని ఇంగ్లిష్‌గానే ఉంచి, తెలుగుని దానిపైన అదనంగా పెట్టుకోవడం మంచిది.

వైఫై కార్డు బ్రాడ్‌కామ్ బీసీఎం43142. కార్డు ఏదో తెలియకపోతే టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే విండో) ఎల్ఎస్‌పీసీఐ అని కొడితే చెప్తుంది. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్లు, అంటే పరికరాల్లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాములు, ఇన్‌స్టాలరులోనే వస్తున్నాయి. కానీ ఈ కార్డుకి కావలసింది ఫర్మ్‌వేర్ కాదు, కార్డుని సిస్టమ్‌తో కలిపే డ్రైవరు. అది నాన్-ఫ్రీ విభాగంలో ఉంటుంది. ఫోనుని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే డెబియన్ దాన్ని వెంటనే నెట్‌వర్క్‌గా గుర్తించింది. ప్యాకేజీలు ఎక్కడినుంచి దించాలో చెప్పే సోర్సెస్ ఫైల్లో కాంట్రిబ్, నాన్-ఫ్రీ చేర్చి, లినక్స్-హెడర్స్-ఏఎండీ64, బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ అనే రెండు ప్యాకేజీలు వేసి రీస్టార్ట్ చేశాను. వైఫై వచ్చింది. కెర్నల్, అంటే ఓఎస్ గుండెకాయ, అప్‌డేట్ అయిన ప్రతిసారీ డీకేఎంఎస్ ఈ డ్రైవరుని మళ్లీ కంపైల్ చేస్తుంది, మనం పట్టించుకోనక్కర్లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాత్రం సంతకం లేని డ్రైవరు లోడ్ కాదు. నేను బయాస్‌లో దాన్ని ఆఫ్ చేశాను.

జెడ్‌ర్యామ్-టూల్స్ వేసి, సెట్టింగుల ఫైల్లో అల్గారిథమ్ జెడ్‌స్టాండర్డ్, శాతం 50 అని పెట్టాను. ర్యామ్ నిండేటప్పుడు అందులోనే కొంత భాగాన్ని కుదించి వాడుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో పది ట్యాబులు తెరిచినా ఇప్పుడు బండి ఆగడం లేదు.

ఉగాది వరకు: తెలుగు టైపింగు

టైపింగు భాష మార్చే ఐబస్, దానికి తెలుగు పద్ధతులు ఇచ్చే ఐబస్-ఎం17ఎన్ వేసి, ఐఎం-కాన్ఫిగ్‌లో ఐబస్‌ని డిఫాల్ట్ చేసి, లాగౌట్ అయి లాగిన్ అవ్వాలి. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో యాడ్ నొక్కి తెలుగు వెతికితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ అని వరుసగా కనిపిస్తాయి. సూపర్ (విండోస్ గుర్తు కీ)-స్పేస్ నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి.

నాకు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ అలవాటు. ఆయనకి నచ్చలేదు. "తెలుగు రాయడానికి మనసులో ఇంగ్లిష్ స్పెల్లింగు కట్టుకోవడమేమిట్రా?" అన్నారు. ఆ మాట నిజం. అందుకే ఇన్‌స్క్రిప్ట్ పెట్టాను. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. వర్ణమాల తెలిసినవాళ్లకి దాని క్రమం తొందరగానే పట్టుబడుతుంది: కే మీద క, షిఫ్ట్‌తో ఖ, ఐ మీద గ, షిఫ్ట్‌తో ఘ. పొల్లు డి మీద ఉంటుంది. "శ్రీ" రాయాలంటే షిఫ్ట్-ఎం, డి, జే, ఆర్: శ, పొల్లు, ర, దీర్ఘం. ఆయన మొదటి రోజే దీన్ని పట్టేశారు. "అక్షరం ఎలా పుడుతుందో అలాగే కొడుతున్నాం" అని రెండు పేజీలు కొట్టి చూపించారు. ఒక ఏ4 కాగితం మీద కీబోర్డు పటం పెద్దగా ప్రింటు తీసి టేబుల్ ముందు గోడకి అంటించాను. కీల మీద స్టిక్కర్లు వేయలేదు. స్టిక్కరు ఉంటే చూపు అక్కడికే పోతుంది, వేళ్లకు అలవాటు కావడం ఆలస్యమవుతుంది.

తర్వాత వచ్చింది ఇంగ్లిష్ మాటల గొడవ. "సాఫ్ట్‌వేర్" అని కొడితే ట కింద వ వత్తు చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. ట్ తర్వాత కనబడని అక్షరం ఒకటి, జీరో విడ్త్ నాన్-జాయినర్, పడితేనే పొల్లు విడిగా నిలబడుతుంది. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) దాని సంఖ్య 200సీ. లిబ్రే ఆఫీస్‌లో ఇంగ్లిష్‌కి మారి 200సీ అని కొట్టి ఆల్ట్-ఎక్స్ నొక్కితే వస్తుంది. కానీ వ్యాసం మధ్యలో ఆయన్ని ఇదంతా చేయమనడం న్యాయం కాదు. అందుకని లిబ్రే ఆఫీస్ ఆటోకరెక్ట్‌లో తెలుగు భాష ఎంచుకుని ఒక పట్టిక కట్టాను. ఎడమవైపు వత్తు పడిన రూపం, కుడివైపు సరైన రూపం: సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, హైస్కూల్‌లో, రైల్వేస్టేషన్‌కి... ఇప్పుడాయన మామూలుగా కొట్టుకుంటూ పోతారు, స్పేస్ నొక్కగానే మాట సర్దుకుంటుంది. కొత్త మాట తగిలినప్పుడల్లా ఒక చీటీ మీద రాసి ఉంచుతారు, నేను వెళ్లినప్పుడు పట్టికలో చేరుస్తాను.

లిబ్రే ఆఫీస్‌లో ఫాంట్ల సంగతి

ఇది చాలామందిని తికమక పెట్టే విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను. లిబ్రే ఆఫీస్ తెలుగుని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, అంటే సీటీఎల్, విభాగంలో లెక్కవేస్తుంది. ఇంగ్లిష్ ఫాంటు, సైజు వేరు, సీటీఎల్ ఫాంటు, సైజు వేరు. స్టైల్లో ఇంగ్లిష్ ఫాంటు ఎంత మార్చినా తెలుగులో చలనం ఉండకపోవడానికి కారణం ఇదే. ముందు టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవాలి. తర్వాత లిబ్రే ఆఫీస్ రైటర్ కింద ఉన్న బేసిక్ ఫాంట్స్ సీటీఎల్‌లో ఫాంటు, సైజు పెట్టాలి. నేను ఇంగ్లిష్‌కి 12, తెలుగుకి 14 పెట్టాను. తెలుగులో వత్తులు, తలకట్లు ఉంటాయి కాబట్టి ఒకే సైజులో తెలుగు చిన్నగా, ఇరుకుగా కనిపిస్తుంది. లైన్ల మధ్య ఎడం 1.15 పెడితే "స్త్ర్య" లాంటి రెండంతస్తుల వత్తులు కింది లైను గుడికి తగలకుండా ఉంటాయి.

ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేస్తే లోహిత్‌తో పాటు పోతన, వేమన కూడా వస్తాయి. ఫాంట్స్-నోటో-కోర్‌లో నోటో సాన్స్, నోటో సెరిఫ్ తెలుగు ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, సూరన్న, రామభద్ర, గురజాడ, పెద్దన లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. దించుకుని హోములోని దాచిన ఫోల్డరు డాట్ లోకల్, షేర్, ఫాంట్స్‌లో పెట్టి ఎఫ్‌సీ-క్యాష్ కొడితే చాలు. చదవడానికి మండలి, వ్యాసానికి నోటో సెరిఫ్, శీర్షికలకి రామభద్ర అని నిర్ణయించుకున్నాం. ఎన్‌టీఆర్ ఫాంటు అందంగానే ఉంటుంది కానీ అదే సైజులో అక్షరం బాగా చిన్నది, ఆయన కళ్లకి సరిపోలేదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో ఫాంట్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి భాష తెలుగు అని ఎంచుకుని అక్కడా మండలి, కనీస సైజు 16 పెట్టాను. వార్తలు చదివేటప్పుడు తేడా వెంటనే తెలిసింది. తెరంతటికీ ఎక్స్ఎఫ్‌సీఈ అప్పియరెన్స్‌లో డీపీఐ 110.

మెనూలకి కూడా తెలుగు పెట్టి చూశాను. ఎక్స్ఎఫ్‌సీఈ అనువాదం పూర్తిగా లేదు కాబట్టి ఒక వరుస తెలుగు, ఒక వరుస ఇంగ్లిష్‌గా కనిపించింది. పెదనాన్నగారు కొన్నాళ్లు వాడి ఇంగ్లిష్‌కే మార్చమన్నారు. ఇందులో నిరాశపడాల్సిందేమీ లేదు, అనువాదాలు ఎవరైనా చేయవచ్చు. ఆయనే కొన్ని మాటలు రాసిచ్చారు, వాటిని పంపే పని నాది. ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంచాను. టెర్మినల్లో అక్షరాలు గడుల లెక్కన పడతాయి కాబట్టి గుణింతాలు, వత్తులు చెదిరిపోతాయి. బ్యాకప్ పనులు టెర్మినల్ నుంచి చేసే నాకు అది ఇబ్బంది.

దసరా దాకా: ప్రింటరు, స్కానింగు, బ్యాకప్

ప్రింటరు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ కనిపించేదే. దీనికి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు నుంచే ఫర్మ్‌వేర్ వెళ్లాలి. హెచ్‌పీ ప్రింటర్ల సాఫ్ట్‌వేర్ హెచ్‌ప్లిప్ వేసి, టెర్మినల్లో హెచ్‌పీ-ప్లగిన్ ఒకసారి నడిపితే ఆ ఏర్పాటంతా అదే చేసుకుంటుంది. తెలుగు ప్రింటు తొలి కాగితం నుంచే శుభ్రంగా వచ్చింది. పత్రికలకి పంపేటప్పుడు పీడీఎఫ్ కూడా జత చేస్తున్నాం, ఫాంటు అందులోనే ఇమిడి ఉంటుంది కాబట్టి అవతలివాళ్ల దగ్గర అక్షరాలు మారవు.

పాత పత్రికల కటింగులు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. స్కాన్ చేసిన అచ్చుని టెక్స్టుగా మార్చే టెసెరాక్ట్‌కి తెలుగు డేటా ప్యాకేజీ ఉంది. దానికి మెనూలు, బటన్లు ఇచ్చే జీఇమేజ్‌రీడర్‌తో కలిపి పెట్టాను. 300 డీపీఐలో స్కాన్ చేసిన ఇటీవలి అచ్చు బాగా చదువుతోంది. పాత లెటర్‌ప్రెస్ పేజీల్లో అరసున్నలు, బండి ఱ దగ్గర తడబడుతోంది. అయినా మొత్తం కొట్టడం కంటే దిద్దడం తేలికని ఆయనే అంటున్నారు. అక్షరదోషాలకి హన్‌స్పెల్-టీఈ వేశాను, కానీ మన విభక్తులు, సంధులు కలిసిన రూపాలన్నీ పదకోశంలో ఉండవు కాబట్టి సగం పేజీకి ఎర్ర గీతలు పడేవి. ఆపేశాను.

బ్యాకప్‌కి టైమ్‌షిఫ్ట్. అది విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్ఎస్) ఫార్మాట్ చేసిన డిస్కు మీద స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణంలో ఉన్న సిస్టమ్ ప్రతులు, తీయదు. కేసింగులో పెట్టిన పాత డిస్కులో ఖాళీ జాగా ఉంది కాబట్టి జీపార్టెడ్‌తో కుదించి లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో 100 జీబీ పార్టిషన్ చేశాను. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌కే పరిమితం, రాతలకి కాదు. వాటికి బ్యాక్ ఇన్ టైమ్ విడిగా పెట్టాను.

ఇంకా మిగిలింది

డెబియన్ 13, ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న వచ్చింది. కెర్నల్ 6.1 నుంచి 6.12కి మారుతుంది. కొత్త కెర్నల్ మీద వైఫై డ్రైవరు కంపైల్ అవుతుందో లేదో చూసుకోవాలి కాబట్టి ముందు స్నాప్‌షాట్ తీసి, ఫోను కేబుల్ పక్కన పెట్టుకుని, సోర్సెస్‌లో బుక్‌వార్మ్ తీసి ట్రిక్సీ రాసి, మొదట ఏపీటీ అప్‌గ్రేడ్, తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ చేస్తాను.

ఇంకొకటి అను ఫాంట్లలో ఉన్న పాత వ్యాసాలు. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో కొట్టించినవి. యూనికోడ్ కాదు కాబట్టి ఇక్కడ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. వాటిలో అక్షరం కాకుండా దాని ముక్కలు, అంటే తలకట్టు, గుడి, వత్తు, విడివిడిగా దాచి ఉంటాయి. యూనికోడ్‌కి మార్చేటప్పుడు వాటి వరుస కూడా మార్చాలి. ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాము మొదలుపెట్టాను. గుణింతాలు సరిగ్గా వస్తున్నాయి, జంట వత్తులు ఇంకా రావాలి. దిద్దిన పేజీలు పెదనాన్నగారు అచ్చు ప్రతితో పోల్చి చూస్తున్నారు, తప్పు పడిన ప్రతి వత్తునీ ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టి ఇస్తున్నారు. ప్రస్తుతం "ర్త్స్న్య" దగ్గర ఉన్నాం.